తాళం గుర్తు ఉంటే సేఫేనా? నెట్‌స్కేప్ నుంచి మాసబ్ ట్యాంక్ దాకా ఒక ముప్పై ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ చరిత్ర గురించి. కానీ దాన్ని మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది.

2023 జనవరి, సంక్రాంతికి ముందు. మా నాన్న ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9:30కి కనెక్షన్ కట్ చేస్తాం" అని. కింద ఒక లింక్. నాన్న లింక్ నొక్కారు, పేజీ తెరుచుకుంది, కార్డు నంబర్ కొట్టారు, ఓటీపీ కూడా కొట్టారు. 18,600 రూపాయలు పోయాయి. నాకు చెప్పింది మాత్రం మర్నాడు పొద్దున. అప్పుడు 1930కి ఫోన్ చేశాం కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. సహజంగానే కోపం వచ్చింది. "చూసుకోకుండా ఎట్లా నొక్కావ్ నాన్నా?" అన్నాను. ఆయన చాలా మెల్లగా అన్నారు: "చూసిన బిడ్డా. పైన తాళం బొమ్మ ఉండె. తాళం ఉంటే భయం లేదని నువ్వే కద చెప్పినవ్?"

నిజమే. నేనే చెప్పాను. 2016లో నోట్ల రద్దు టైంలో ఆయనకి మొదటి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, బీటెక్ కుర్రాడి తెలివితేటలన్నీ చూపించి, "ఆకుపచ్చ తాళం ఉంటే సేఫ్, లేకపోతే డేంజర్" అని నేర్పించాను. ఆయన ఆరేళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. సలహా పాతబడిపోయిందని నేనే ఆయనకి చెప్పలేదు.

అందుకే ఈరోజు ఆ తాళం కథ. అది ఎక్కడ పుట్టింది, మన హైదరాబాద్‌కి ఎట్లా వచ్చింది, ఎందుకు మాయమైంది, ఇప్పుడు మనం ఏం చూడాలి.

పోస్ట్ కార్డు, సీలు వేసిన కవరు

ముందు బేసిక్స్. హెచ్‌టీటీపీ అంటే పోస్ట్ కార్డు లాంటిది. మధ్యలో ఎవరి చేతికొచ్చినా చదివేయొచ్చు. పోస్ట్‌మ్యాన్ చదవొచ్చు, పక్కింటాయన చదవొచ్చు, కావాలంటే పెన్ను తీసి ఒక అంకె మార్చేయొచ్చు కూడా. హెచ్‌టీటీపీఎస్‌లో ఆ చివర ఉన్న "ఎస్" వల్ల మూడు పనులు జరుగుతాయి. ఒకటి, మధ్యలో ఎవరూ చదవలేరు. రెండు, మధ్యలో ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. మూడు, అవతల ఉన్న సర్వర్, అడ్రస్ బార్‌లో కనిపిస్తున్న పేరుకి చెందినదేనని ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది.

మూడోది మళ్లీ వినండి. అడ్రస్ బార్‌లో ఉన్న పేరుకి చెందినది. అంతే. ఆ పేరు పెట్టుకున్నవాడు మంచివాడా, దొంగా అని సర్టిఫికెట్ చెప్పదు. మా నాన్న డబ్బులు పోయింది ఈ ఒక్క పాయింట్ దగ్గరే.

ఇది మొదలైంది 1990లలో, అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీలో. నెట్‌లో వస్తువులు అమ్మాలంటే కార్డు నంబర్ పంపాలి. పోస్ట్ కార్డు మీద కార్డు నంబర్ ఎవరు రాస్తారు? అందుకే ఎస్‌ఎస్‌ఎల్ అనే పద్ధతి తయారు చేశారు. దీని వెనక ప్రధానంగా వినిపించే పేరు తాహెర్ ఎల్గమాల్, ఈజిప్టులో పుట్టిన క్రిప్టోగ్రాఫర్. బయటికి వచ్చిన మొదటి వెర్షన్ 2.0, 1995లో. తర్వాతి ఏడాది 3.0. 1999లో దానికే టీఎల్‌ఎస్ అని కొత్త పేరు వచ్చింది. ఇప్పుడు మన ఫోన్లలో ఎక్కువగా నడిచేది 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3.

ఇంకో తమాషా ఏంటంటే, మొదట్లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో తాళం బొమ్మ లేదు, తాళంచెవి బొమ్మ ఉండేది. స్క్రీన్ కింద ఎడమ మూలన చెవి విరిగి కనిపిస్తే సెక్యూర్ కాదు, నిండుగా ఉంటే సెక్యూర్. తాళం కప్ప బొమ్మ తర్వాతే స్థిరపడింది.

అదే సమయంలో హైదరాబాద్‌లో

మన ఊళ్లో సంగతి చూద్దాం. 1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. చుట్టూ బండరాళ్లు, తుప్పలు. ఆ గుండ్రటి బిల్డింగ్ ఫొటో అందరూ చూసే ఉంటారు. హైదరాబాద్ ఐటీ చరిత్ర అనగానే అందరం అక్కడి నుంచే మొదలుపెడతాం.

కానీ మన తాళం కథకి అసలు అడ్రస్ అది కాదు. మాసబ్ ట్యాంక్ దగ్గర కాజిల్ హిల్స్‌లో ఒక సంస్థ ఉంది. పేరు ఐడీఆర్‌బీటీ. బ్యాంకింగ్ టెక్నాలజీలో పరిశోధన, అభివృద్ధి కోసం 1996లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన సంస్థ. అంటే సైబర్ టవర్స్ కంటే రెండేళ్లు ముందే. 1999లో ఇక్కడివాళ్లే బ్యాంకుల కోసం ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్క్ మొదలుపెట్టారు. 2004లో దేశమంతా ఏటీఎంలని కలిపిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ కూడా ఇక్కడి నుంచే మొదలైంది. ఒక బ్యాంక్ కార్డుతో ఇంకో బ్యాంక్ ఏటీఎంలో డబ్బు తీసుకుంటున్నామంటే దాని వెనక మాసబ్ ట్యాంక్ ఉంది. 2009 చివర్లో ఆ స్విచ్ ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది.

ఆ రోజుల్లో ఒక పెద్ద సమస్య ఉండేది. బలమైన ఎన్‌క్రిప్షన్‌ని అమెరికా ఒక రకమైన ఆయుధంలా చూసేది. బయటి దేశాలకి ఇచ్చే బ్రౌజర్లలో 40 బిట్ తాళం మాత్రమే పెట్టి పంపేవాళ్లు. అదెంత బలహీనమో 1995లోనే తేలిపోయింది. ఫ్రాన్స్‌లో దామియన్ డోలిజే అనే ఆయన 120 దాకా కంప్యూటర్లని కలిపి ఎనిమిది రోజుల్లో ఒక 40 బిట్ సందేశాన్ని విప్పేశారు. ఆ రూల్స్ 2000 జనవరిలో గానీ సడలలేదు.

ఇది తెలిస్తే రిజర్వ్ బ్యాంక్ 2001 జూన్ 14న ఇచ్చిన ఇంటర్నెట్ బ్యాంకింగ్ మార్గదర్శకాల విలువ అర్థమవుతుంది. బ్రౌజర్‌కీ బ్యాంక్ సర్వర్‌కీ మధ్య కనీసం 128 బిట్ ఎస్‌ఎస్‌ఎల్ వాడాలని అందులో చెప్పారు. 40కీ 128కీ తేడా మూడు రెట్లు అనుకోకండి. ఒక్కో బిట్ పెరిగినప్పుడల్లా దొంగ ప్రయత్నించాల్సిన తాళంచెవుల సంఖ్య రెట్టింపవుతుంది. అట్లా 88 సార్లు రెట్టింపు చేసుకోండి.

మరి సర్టిఫికెట్ ఎవరివ్వాలి? దానికి చట్టం కావాలి. ఐటీ చట్టం 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. దాని కింద కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అనే పదవి వచ్చింది. ఆధార్ ఈ-సైన్ అయినా, మీ ఆడిటర్ దగ్గర ఉండే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ అయినా మూలం అక్కడే. 2002లో మొదటి లైసెన్సులు ఇచ్చారు. మొదటిది సేఫ్‌స్క్రిప్ట్‌కి. అది మన సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే, అంటే సిఫీ వాళ్లది. అదే ఏడాది ఎన్‌ఐసీకి వచ్చింది, మాసబ్ ట్యాంక్ ఐడీఆర్‌బీటీకి కూడా వచ్చింది. బ్యాంకులు తమలో తాము పంపుకునే సందేశాల మీద డిజిటల్ సంతకాలకి వీళ్ల సర్టిఫికెట్లు వాడారు.

కాఫీ షాప్ వైఫై రోజులు

ఇదంతా బ్యాంకుల సంగతి. మిగతా ఇంటర్నెట్ మాత్రం 2010 దాకా పోస్ట్ కార్డు మీదే నడిచింది. లాగిన్ పేజీకి మాత్రం తాళం, లోపలికి వెళ్లాక మామూలే.

2010 అక్టోబర్‌లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. కాఫీ షాప్ ఓపెన్ వైఫైలో కూర్చుని అది ఆన్ చేస్తే, అదే వైఫైలో ఉన్నవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలు ఫొటోలతో సహా లిస్టులో కనపడేవి. ఒక క్లిక్ చేస్తే వాళ్ల ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. దొంగతనం నేర్పించడానికి కాదు, కంపెనీలకి సిగ్గు రావాలని చేశానన్నాడు. వచ్చింది కూడా. ఫేస్‌బుక్ 2011 జనవరిలో హెచ్‌టీటీపీఎస్‌ని ఒక ఆప్షన్‌గా ఇచ్చింది, 2013కి అందరికీ డిఫాల్ట్ చేసింది. జీమెయిల్ అయితే అంతకుముందే, 2010 జనవరిలోనే మారిపోయింది.

హైటెక్ సిటీ పరిసరాల్లో పబ్లిక్ వైఫై వచ్చింది 2014లో. మూడు నాలుగేళ్లు ముందే వచ్చి ఉంటే, సైబర్ టవర్స్ దగ్గర టీ తాగుతూ ఎవరి ఖాతానైనా తెరిచేసే పరిస్థితి ఉండేది. "పబ్లిక్ వైఫైలో బ్యాంకింగ్ చేయకండి" అని మనకి ఇప్పటికీ చెప్పే మాట ఆ కాలం నాటిదే. అప్పుడు అది నూటికి నూరు శాతం నిజం. ఇప్పుడు సరైన పేరున్న సైట్‌కి సరైన హెచ్‌టీటీపీఎస్ ఉంటే ఆ భయం చాలావరకు తగ్గింది. కానీ వైఫైలో ఉండగా బ్రౌజర్ సర్టిఫికెట్ వార్నింగ్ చూపిస్తే మాత్రం "ప్రొసీడ్" నొక్కొద్దు. అది ఉత్త బెదిరింపు కాదు.

తాళాలు చేసేవాడి ఇంట్లోనే దొంగ పడితే?

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థనే మోసం చేస్తే ఏమవుతుంది? 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థలోకి హ్యాకర్లు చొరబడ్డారు. గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్ తీసుకున్నారు. దాన్ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద ప్రయోగించారు. బ్రౌజర్లన్నీ ఆ సంస్థని నమ్మడం మానేశాయి. కొన్ని వారాల్లోనే అది దివాలా తీసింది.

మన దేశంలో కూడా ఇట్లాంటిది జరిగింది. 2014 జులై 2న, గూగుల్ డొమైన్ల మీద గూగుల్‌కి తెలియకుండా ఇచ్చిన సర్టిఫికెట్లు ఆ కంపెనీ కంట పడ్డాయి. ఇచ్చింది ఎవరు? మన ఎన్‌ఐసీ సర్టిఫయింగ్ అథారిటీ. మర్నాడే, జులై 3న, కంట్రోలర్ ఆఫీసు ఎన్‌ఐసీ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లని రద్దు చేసింది. సర్టిఫికెట్ జారీ చేసే పద్ధతిలోకే చొరబాటు జరిగిందని, అట్లా వెళ్లినవి నాలుగని, మూడు గూగుల్‌వి, ఒకటి యాహూదని చెప్పారు. అవి కాక ఇంకా ఉన్నాయని గూగుల్ అంది. భారత ప్రభుత్వ రూట్‌ని మైక్రోసాఫ్ట్ నమ్మేది కాబట్టి విండోస్‌లో ఆ దొంగ సర్టిఫికెట్లు చెల్లేవి. ఫైర్‌ఫాక్స్‌కి సొంత జాబితా ఉండటంతో దానికి ఇబ్బంది రాలేదు.

తర్వాత గూగుల్ ఏం చేసిందంటే, ఆ రూట్ కింద వచ్చే సర్టిఫికెట్లని జీఓవీ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ లాంటి కొన్ని డొమైన్లకి మాత్రమే పరిమితం చేసింది. ఒక దేశ ప్రభుత్వ రూట్‌కి ఒక ప్రైవేట్ కంపెనీ గీత గీసింది. అది కరెక్టా కాదా అని వాదించుకోవచ్చు. కానీ పోయిన నమ్మకం సర్క్యులర్ ఇస్తే తిరిగి రాదని మాత్రం తేలిపోయింది.

ఇట్లాంటి ఘటనల వల్లే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ వచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తే దాన్ని అందరూ చూడగలిగే చిట్టాలో రాయాలి. 2018 ఏప్రిల్ 30 తర్వాత ఇచ్చినవి ఆ చిట్టాలో లేకపోతే క్రోమ్ ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీసి చూసినట్టే అన్నమాట. మీ స్థలం మీద ఇంకెవరైనా కాగితం పుట్టిస్తే తెలిసిపోతుంది.

తాళం అందరికీ దొరికినప్పుడు

2013లో స్నోడెన్ బయటపెట్టిన నిఘా సంగతులతో ప్రపంచం ఉలిక్కిపడింది. అప్పటిదాకా సర్టిఫికెట్ కావాలంటే మామూలుగా డబ్బు కట్టాలి. 2015 డిసెంబర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ అందరికీ తెరుచుకుంది. ఉచితం, కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. అమీర్‌పేట్‌లో కోర్సు చేస్తున్న కుర్రాడు కూడా తన ప్రాజెక్ట్‌కి తాళం పెట్టుకోవచ్చు. 2018 జులైలో క్రోమ్ 68 వచ్చింది. హెచ్‌టీటీపీ సైట్లన్నిటి మీదా "నాట్ సెక్యూర్" అని రాయడం మొదలుపెట్టింది.

మంచి పనే. నేను ఇప్పటికీ మంచి పనే అంటాను. కానీ ఉచితం అంటే దొంగకి కూడా ఉచితమే కదా. 2018 మూడో త్రైమాసికంలో ఫిష్‌ల్యాబ్స్ సంస్థ లెక్క తీస్తే, ఫిషింగ్ సైట్లలో 49 శాతానికి తాళం ఉంది. నేను నాన్నకి పాఠం చెప్పి అప్పటికి రెండేళ్లు.

బ్రౌజర్ కంపెనీలకి ఇది తెలుసు. కంపెనీ పేరుతో ఆకుపచ్చగా కనిపించే ఖరీదైన ఈవీ సర్టిఫికెట్ గుర్తుని 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అడ్రస్ బార్ నుంచి తీసేశాయి. 2023 సెప్టెంబర్‌లో క్రోమ్ 117 తాళాన్నే తీసేసి, రెండు గీతలు, రెండు సున్నాలు ఉన్న సెట్టింగ్స్ లాంటి బొమ్మ పెట్టింది. జనం తాళాన్ని చూసి సైట్‌నే నమ్మేస్తున్నారు, అందుకే తీసేస్తున్నామని గూగుల్ చెప్పింది. నేను ఆ ప్రకటన చదివినప్పుడు నాన్నకి డబ్బులు పోయి ఎనిమిది నెలలైంది.

మళ్లీ మాసబ్ ట్యాంక్

ఇప్పుడు కథ మళ్లీ మన ఊరికి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ ఒక ప్రకటన చేసింది. దేశంలోని బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక డొమైన్‌కి మారాలి. గడువు 2025 అక్టోబర్ 31. ఆ డొమైన్ ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ ఎవరో తెలుసా? ఐడీఆర్‌బీటీ.

ఇందులో ఉన్న ఐడియా చాలా సింపుల్. డాట్ కామ్, డాట్ ఎక్స్‌వైజెడ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. బ్యాంక్ డాట్ ఇన్ మాత్రం బ్యాంకులకే ఇస్తారు. ఉదాహరణకి స్టేట్ బ్యాంక్ ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. సర్టిఫికెట్ చెప్పలేని మాటని, అంటే "ఈ పేరు వెనక ఉన్నది నిజంగా బ్యాంకే" అనే మాటని, ఇక్కడ పేరే చెప్తుంది.

మరి ఇప్పుడు ఏం చూడాలి?

ఒకటి. అడ్రస్‌లో హెచ్‌టీటీపీఎస్ ఉందా? "నాట్ సెక్యూర్" అని ఉంటే పాస్‌వర్డ్, కార్డు నంబర్ ఏదీ కొట్టొద్దు. ఫోన్‌లో అడ్రస్‌కి ఎడమ పక్కన ఉన్న బొమ్మ నొక్కితే "కనెక్షన్ ఈజ్ సెక్యూర్" అని వస్తుంది. ఇది గేటు దగ్గర మొదటి చెక్ మాత్రమే.

రెండు. అసలు చెక్ పేరు. మొదటి ఒంటి స్లాష్ ఎక్కడుందో చూడండి. దాని ముందు నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి చదవండి. "ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్" అని ఉంటే ముందు ఏం రాసినా దండగ. అసలు ఓనర్ చివర ఉన్న "కేవైసీ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్". మన ఊళ్లో అడ్రస్ రాసినప్పుడు చివర జిల్లా, రాష్ట్రం వస్తాయి కదా, అట్లాగే.

మూడు. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో లింక్ నొక్కితే కొన్నిసార్లు యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది, పూర్తి అడ్రస్ కనపడదు. డబ్బు విషయమైతే అక్కడ ఏమీ చేయొద్దు. బయటికొచ్చి బ్రౌజర్‌లో మీరే టైప్ చేయండి, లేదా అసలు యాప్ తెరవండి. ఇక ఏపీకే ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటే దానికి హెచ్‌టీటీపీఎస్‌తో సంబంధమే లేదు, డిలీట్ చేసేయండి.

నాలుగు. ఇది మైండ్‌స్పేస్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బ్యాచ్ కోసం. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిచి "ఇష్యూడ్ బై" దగ్గర ఏముందో ఒకసారి చూడండి. చాలా కంపెనీలు తమ సొంత రూట్ సర్టిఫికెట్ ల్యాప్‌టాప్‌లో పెట్టి, మధ్యలో ట్రాఫిక్ విప్పి చూసి మళ్లీ సీలు వేస్తాయి. మీ కంపెనీ పేరో, సెక్యూరిటీ ప్రాక్సీ పేరో కనిపిస్తే అదే సంగతి. బ్రౌజర్ దాన్ని సెక్యూర్ అనే చూపిస్తుంది. పర్సనల్ పనులు పర్సనల్ ఫోన్‌లో చేసుకోండి.

నేను మొన్న ఊరెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చుని మళ్లీ నేర్పించాను. ఈసారి తాళం గురించి చెప్పలేదు. పేరుని వెనక నుంచి చదవడం చెప్పాను. ఆయన నాలుగు లింకులు చదివి, అయిదోదాని దగ్గర ఆగి, "ఇది దొంగది" అన్నారు. కరెక్టే. తర్వాత నా వైపు చూసి అడిగారు: "ఇది ఎన్నేండ్లు పనిచేస్తది బిడ్డా?"

నాకు తెలీదు అన్నాను. మారితే నేనే ఫోన్ చేసి చెప్తానన్నాను.

మీరు కూడా మీ ఇంట్లో ఎవరికైనా "తాళం ఉంటే సేఫ్" అని ఎప్పుడో చెప్పి ఉంటే, ఈ ఎపిసోడ్ అయిపోగానే ఒక ఫోన్ చేయండి. లింక్ ఫార్వర్డ్ చేస్తే సరిపోదు, మాట్లాడి చెప్పండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.